పక్కింటి తాతగారి టీవీలో రాని మ్యాచ్

మే నెలలో ఒక శనివారం సాయంత్రం. ఇంట్లో గారెలు వేస్తే నాలుగు ప్లేటులో పెట్టుకుని పక్కింటికి వెళ్ళాను. అక్కడ ఉండేది ఎనభై దాటిన పెద్దాయన. వాళ్ళావిడ పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లో ఒకరు ఆస్ట్రేలియాలో ఉన్నారు, ఒకరు డబ్లిన్‌లో. మా అమ్మాయి ఆయన్ని "తాతా" అని పిలుస్తుంది. ఆ మాటకు అర్థం చెప్పిన దగ్గర్నుంచి, మా పాప పుట్టినరోజు కార్డు మీద ఆయన తన పేరు రాయడం మానేసి, ఇంగ్లీషు అక్షరాల్లో తాత అనే రాసిస్తున్నారు.

ఆ సాయంత్రం వంటగదిలో రేడియో ముందు కూర్చుని ఉన్నారు. మెడలో కార్క్ జట్టు ఎరుపు తెలుపు మఫ్లర్. పక్క గదిలో టీవీ ఆపేసి ఉంది. ఐర్లాండ్ దక్షిణాది ప్రాంతమైన మన్‌స్టర్ ఛాంపియన్‌షిప్‌లో మా కార్క్ జట్టు హర్లింగ్ మ్యాచ్ నడుస్తోంది. హర్లింగ్ అంటే కర్రలతో ఆడే ఇక్కడి ఆట. టీవీ పెట్టలేదేం అని అడిగాను. "ఇది నా టీవీలో రాదు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. బస్సు వెళ్ళిపోయింది అన్నంత మామూలుగా అన్నారు.

ఇంటికి వెళ్ళి లాప్‌టాప్, హెచ్‌డీఎంఐ వైరు తెచ్చాను. ఆయనింట్లో ఇంటర్నెట్ లేదు కాబట్టి నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను. కార్డు మీద డబ్బు కట్టి, వైరు బిగించి, బొమ్మ తెరమీదికి వచ్చేసరికి సెకండాఫ్ మొదలైంది. రేడియో మాత్రం ఆపనివ్వలేదు. ఆ గొంతు వినకపోతే మ్యాచ్ చూసినట్టే ఉండదట. ఇంటర్నెట్‌లో వచ్చే ప్రసారం ఏదైనా రేడియో కంటే కాస్త వెనకే నడుస్తుంది. అందుకని గోల్ పడిందని ముందు రేడియో అరిచేది, ఆయన రెండు చేతులూ పైకెత్తేవారు, ఆ తర్వాత అదే గోల్ టీవీలో ఎప్పుడు పడుతుందా అని ఇద్దరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. మ్యాచ్ అయ్యాక జేబులోంచి 20 యూరోల నోటు తీశారు. నేను తీసుకోలేదు. మర్నాడు పొద్దున మా గుమ్మం ముందు ఆయన పెరట్లోని రూబార్బ్ కాడలు ఒక కట్ట ఉన్నాయి. మన ఇళ్ళలో గోంగూర దొరకనప్పుడు రూబార్బే కదా దిక్కు, ఆ ఆదివారం దాంతోనే పప్పు చేసుకున్నాం.

అప్పట్నుంచి ఈ విషయం నా మనసులో నలుగుతూనే ఉంది. మన సంఘం పత్రికలో దీని గురించి ఎందుకు రాస్తున్నానో కూడా చెబుతాను. ముందు ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు.

హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్, ఆడవాళ్ళ హర్లింగ్ అయిన కమోగీ, ఇవన్నీ ఐర్లాండ్ సొంత ఆటలు. పురుషుల ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అంటే జీఏఏ, 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ ఊళ్ళో, హేయ్స్ హోటల్లో పుట్టింది. నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది. ఆటగాళ్ళకు జీతాల్లేవు. క్రోక్ పార్కులో 82 వేల మంది ముందు ఫైనల్ ఆడినవాడు ఆ సంబరాలయ్యాక మళ్ళీ తన బడికో, బ్యాంకుకో, పొలానికో వెళ్ళిపోతాడు. వేలంపాటలు లేవు, డబ్బిచ్చి ఆటగాణ్ణి కొనుక్కోవడం లేదు. ఏ ఊరివాడు ఆ ఊరి క్లబ్బుకి ఆడతాడు, బాగా ఆడితే తన కౌంటీకి, అంటే మన జిల్లాలాంటి దానికి, ఆడతాడు. పిల్లలకు శనివారం పొద్దున్నే ఆట నేర్పేది కూడా ఆ ఊరి అమ్మానాన్నలే, అదీ ఉచితంగానే.

నేను 2013 ఆగస్టులో ఉద్యోగానికి కార్క్ వచ్చాను. అద్దె ఇంట్లో పాత టీవీ, కప్పు మీద ఒక యాంటెన్నా ఉన్నాయి. ఊరంతా ఎరుపు జెండాలు కట్టి ఉంటే ఏవో ఎన్నికలనుకున్నాను. సెప్టెంబరు 8, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఊరికే టీవీ పెట్టాను. పదిహేను మంది, పదిహేను మంది, చేతుల్లో చెక్క కర్రలు, కంటికి ఆనని వేగంతో ఒక చిన్న బంతి. కర్రను హర్లీ అంటారనీ, బంతిని స్లిటర్ అంటారనీ అప్పటికి తెలియదు. గోల్ పోస్టుల పైనుంచి పోతే ఒక పాయింటు, వల్లో పడితే మూడు అని చూస్తూ చూస్తూ నేనే లెక్క కట్టుకున్నాను. అది ఆల్ ఐర్లాండ్ ఫైనల్, కార్క్‌కీ క్లేర్‌కీ. ఆఖరి క్షణంలో క్లేర్ జట్టులో డోనల్ ఓ డొనోవన్ అనే డిఫెండర్ ముందుకొచ్చి బంతిని పోస్టుల మీదుగా కొట్టి మ్యాచ్ సమం చేశాడు. 20 రోజుల తర్వాత మళ్ళీ ఆడారు. సెప్టెంబరు 28, శనివారం సాయంత్రం. షేన్ ఓ డొనెల్ అనే 19 ఏళ్ళ కుర్రాడు మూడు గోల్స్ కొట్టాడు, క్లేర్ గెలిచింది. అప్పటికి నేను సోఫా అంచున కూర్చుని కార్క్ కోసం అరుస్తున్నాను. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, ఏమైందండీ, ఇండియా మ్యాచా అని అడిగింది.

ఆ ఆటను నేను వెతుక్కుంటూ వెళ్ళలేదు. దానికోసం ఎక్కడా పేరు నమోదు చేసుకోలేదు, కార్డు నంబరు ఇవ్వలేదు. ఆటే మా ఇంటికి నడిచి వచ్చింది. ఆ రోజు టీవీలో తాళం వేసిన తెర కనిపించి, 12 యూరోలు కట్టు అని ఉంటే కట్టేవాణ్ణా? చచ్చినా కట్టేవాణ్ణి కాదు. పేరు కూడా తెలియని ఆటకు ఎవరు కడతారు?

నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. చందా కట్టి చూసే పద్ధతి, ఆట మీద ముందే ప్రేమ ఉన్నవాళ్ళకు సరిపోతుంది. ఇంకా ప్రేమ పుట్టనివాళ్ళకు, అంటే మనలాంటి కొత్తగా వచ్చినవాళ్ళకూ పిల్లలకూ, ఉచిత టీవీ ఒక్కటే తలుపు. ప్రేమ ఉండి కూడా ఆ ఇంటర్నెట్ గొడవలు చేతకాని పెద్దవాళ్ళకు అది ఆఖరి తలుపు.

ఈ ఆటలు ప్రసారాల చేతుల మీదుగానే పెరిగాయి. 1926 ఆగస్టు 29న కిల్‌కెన్నీ, గాల్వే జట్ల హర్లింగ్ సెమీఫైనల్‌ను ఇక్కడి రేడియో ప్రత్యక్షంగా వినిపించింది. ఒక మైదాన క్రీడను అలా చెప్పడం ఐరోపాలోనే అదే మొదలని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. 1947లో ఫుట్‌బాల్ ఫైనల్‌ను వలస వెళ్ళినవాళ్ళ కోసం న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో పెట్టారు. కవన్, కెర్రీ జట్లు ఆడాయి. ఐర్లాండ్‌లో జనమంతా రాత్రిపూట రేడియోల చుట్టూ చేరారు. మ్యాచ్ ఇంకా అవలేదు, లైను బుక్ చేసిన సమయం అయిపోవస్తోంది. కామెంటేటర్ మీహాల్ ఓ హెహిర్, దయచేసి ఇంకో ఐదు నిమిషాలు లైను తెంచకండి అని ఆ ప్రసారంలోనే బతిమాలుకున్నాడు. దారిలో ఎవరు విన్నారో గానీ లైను తెగలేదు. కవన్ గెలిచిన వార్త ఇల్లు చేరింది. పక్కింటి తాతగారు దీన్ని వాళ్ళ నాన్న చెప్పగా విన్నారట, చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు వణుకుతుంది. 1962 నుంచి ఫైనళ్ళు టీవీలోకి వచ్చాయి. 1979 నుంచి ఆదివారం రాత్రుళ్ళు ఇక్కడి ప్రభుత్వ ఛానల్ ఆర్‌టీఈలో ది సండే గేమ్ అనే కార్యక్రమం వస్తోంది. ఇక్కడ మూడు తరాలకు వేసవి అంటే ఆ కార్యక్రమం ముందు వచ్చే సంగీతమే.

మొదటిసారి డబ్బు గోడ 2014లో లేచింది. జీఏఏ 14 ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లను చందా కడితేనే వచ్చే స్కై స్పోర్ట్స్‌కి మాత్రమే ఇచ్చింది. దేశమంతా గోల పెట్టింది. బ్రిటన్‌లో ఉన్న ఐరిష్ వాళ్ళు కూడా చూడాలి కదా అని జీఏఏ సమాధానం చెప్పింది. ఆ ఏడాదే ఆర్‌టీఈ, జీఏఏ చెరిసగం పెట్టుకుని విదేశాల్లో ఉన్నవాళ్ళ కోసం జీఏఏ గో అనే ఇంటర్నెట్ సర్వీసు మొదలుపెట్టాయి. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు, నేనూ పట్టను. సిడ్నీలో, బోస్టన్‌లో ఉన్న కుర్రాడికి తన కౌంటీ మ్యాచ్ చూడటానికి అంతకంటే మంచి దారి ఏముంది? హైదరాబాదు మ్యాచ్‌ను కార్క్‌లో కూర్చుని చూసే మనకు అది ఒకరు చెప్పాలా?

2022 సీజన్‌తో స్కై ఒప్పందం అయిపోయింది. 2023 నుంచి జీఏఏ గో దేశం లోపలికి వచ్చింది. 38 ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు అందులో మాత్రమే. ఒక్క మ్యాచ్‌కి 12 యూరోలు, సీజన్ మొత్తానికి 79. దీనికి తోడు 2022లోనే ఇంకో మార్పు జరిగింది. ఒకప్పుడు సెప్టెంబరులో ఉండే ఫైనళ్ళను జులైకి తెచ్చారు, మిగతా ఏడాది క్లబ్బులకు వదిలారు. క్లబ్బు ఆటగాళ్ళకు అది మంచిదే. కానీ కౌంటీ మ్యాచ్‌లన్నీ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. శని, ఆదివారాల్లో ఒక్క ఛానల్ అన్నీ చూపించలేకపోయింది. ఆదివారం మ్యాచ్‌లు ఆర్‌టీఈకి, శనివారం మ్యాచ్‌లు ఎక్కువగా ఇంటర్నెట్‌కి పోయాయి.

ఎలాంటి మ్యాచ్‌లు పోయాయో చూడండి. 2023 ఏప్రిల్ 29న లిమరిక్‌ను క్లేర్ ఒక్క పాయింటు తేడాతో ఓడించింది. 2019 తర్వాత ఛాంపియన్‌షిప్‌లో లిమరిక్‌కి అదే మొదటి ఓటమి. యాంటెన్నా ఉన్న టీవీల్లో అది రాలేదు. సరిగ్గా వారానికి, మే 6న, కార్క్ 4 గోల్స్ 19 పాయింట్లు, టిప్పరరీ 2 గోల్స్ 25 పాయింట్లు. లెక్క కట్టుకోండి, రెండూ 31. అదీ రాలేదు. అప్పుడు కార్క్ వాడే అయిన ఉప ప్రధాని మీహాల్ మార్టిన్ పార్లమెంటులోనే ఇది సరికాదన్నారు. ఆ మరుసటేడు 2024 మే 11న, పార్క్ ఈ కీవ్ స్టేడియంలో నలభై వేల మందికి పైగా జనం ముందు కార్క్, లిమరిక్ మ్యాచ్. ఆఖరి నిమిషాల్లో పాట్రిక్ హోర్గన్ పెనాల్టీ కొట్టి కార్క్‌ను గెలిపించాడు. ఆ రాత్రి ఈ ఊళ్ళో కార్ల హారన్లు అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉన్నాయి. సోమవారం చూస్తే మా అమ్మాయి క్లాసులో సగం మంది ఆ పెనాల్టీ చూశారు, సగం మంది చూడలేదు.

మన్‌స్టర్ హర్లింగ్‌లో ఐదే జట్లు, కార్క్, లిమరిక్, క్లేర్, టిప్పరరీ, వాటర్‌ఫర్డ్. 2018 నుంచి అందరూ అందరితో ఆడతారు, మూడు జట్లే ముందుకెళ్తాయి. అంటే ప్రతి మ్యాచూ చావో రేవో. ఈ దేశంలో ఆటల గురించి కొత్తవాడికి ఒకే ఒక్క మ్యాచ్ చూపించాలంటే నేను ఇందులోంచే తీసి చూపిస్తాను. తలుపు దగ్గర పెట్టాల్సిన దీపాన్ని తీసుకెళ్ళి లోపలి గదిలో పెట్టినట్టుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆర్‌టీఈ పాత్ర. ఈ దేశంలో టీవీ ఉన్న ప్రతి ఇల్లూ ఏడాదికి 160 యూరోల లైసెన్సు ఫీజు కట్టాలి. మనమూ కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే ప్రజల ఛానల్, డబ్బు కడితేనే మ్యాచ్ చూపించే సర్వీసులో సగం వాటాదారుగా ఉండేది. ఒక జేబులో లైసెన్సు ఫీజు, ఇంకో జేబులో 12 యూరోలు. ఈ మ్యాచ్ మా టీవీలో చూపిస్తే జనానికి మేలు అని ఆలోచించాల్సిన వాళ్ళకే, చూపించకపోతే లాభం ఉండే ఏర్పాటు అది. పల్లెలో చెరువు కాపలా ఉన్నవాడే నీళ్ళు అమ్మితే ఒప్పుకుంటామా? 2024 చివరికి ఆర్‌టీఈ ఆ వాటా వదులుకుంది, మొత్తం జీఏఏ చేతికి వచ్చింది, 2025 నుంచి దాని పేరు జీఏఏ ప్లస్. ఆర్‌టీఈ తప్పుకోవడం మంచిదే అయింది. ఇప్పుడు ఏ మ్యాచ్ ఎవరికి చూపించాలన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది జీఏఏ ఒక్కటే.

జీఏఏ వైపు న్యాయం లేదని నేను అనను. ఇది వాటాదారులకు లాభాలు పంచే కంపెనీ కాదు. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం మళ్ళీ క్లబ్బులకు, కౌంటీలకు, మైదానాలకే వెళ్తుంది. మా అమ్మాయి ఆడే మైదానంలో ఫ్లడ్‌లైట్లు ఆకాశంలోంచి ఊడిపడలేదు. పైగా ఇంటర్నెట్ వచ్చాక, ఇదివరకు ఎప్పుడూ ఏ టీవీలోనూ రాని చిన్న కౌంటీల మ్యాచ్‌లు చూడగలుగుతున్నాం. లీట్రిమ్ వాడికి లీట్రిమ్ మ్యాచే ఫైనల్. అది 12 యూరోలకైనా దొరకడం ఏమీ దొరకకపోవడం కన్నా నయం. వీటన్నిటికీ నేను తల ఊపుతాను.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట ఎత్తితే ఇంకో వాదన వస్తుంది. "అన్నా, 79 యూరోలంటే నలుగురం బయటికెళ్ళి బిర్యానీ తిన్నంత. తెలుగు ఛానళ్ళకి కడతాం, క్రికెట్‌కి కడతాం, సినిమాలకి కడతాం. దీనికింత గొడవెందుకు?" నిజమే, మనకు అది పెద్ద డబ్బు కాదు. కానీ మనం కట్టే వాటిలో ఒక్కటైనా మనకు ముందు తెలియనిది ఉందా? తెలుగు పాటలు పుట్టినప్పట్నుంచి చెవిన పడ్డాయి కాబట్టి కడుతున్నాం. క్రికెట్ కూడా అంతే.

క్రికెట్ మనకు ఎలా అంటుకుందో గుర్తు తెచ్చుకోండి. మాది తెనాలి దగ్గర పల్లె. 1993 నవంబరు 24 రాత్రి, హీరో కప్ సెమీఫైనల్. మా వీధిలో టీవీ ఉన్నది రెండిళ్ళలో. కరణంగారి వరండాలో చాపలేసి అరవై మందిమి కూర్చున్నాం. మన హైదరాబాదు అజహరుద్దీన్ కెప్టెన్, ఆ రోజు 90 కొట్టాడు. ఆఖరి ఓవర్లో దక్షిణాఫ్రికాకి ఆరు పరుగులు కావాలి. బంతి సచిన్ చేతికిచ్చారు. మూడే ఇచ్చాడు. రెండు పరుగులతో గెలిచాం. నాకు పదమూడేళ్ళు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వరండాలో బంతిని తప్ప ఏదీ చూడనివాళ్ళు పదిమంది ఉంటే, ఊరికే వచ్చి కూర్చున్నవాళ్ళు యాభైమంది. పొద్దున్న లేచేసరికి ఆ యాభైమందికీ క్రికెట్ అంటుకుంది.

ఆ టోర్నమెంటు ప్రసారం మీద కోర్టుల్లో పెద్ద కొట్లాట నడిచిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ కేసులోనే 1995లో మన సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. దూరదర్శన్ ఒక్కదానిదీ కాదు, క్రికెట్ బోర్డుదీ కాదు, ప్రజలది. తర్వాత 2007లో, దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకుని తీరాలని చట్టం కూడా వచ్చింది. అందుకే ఎవరు ఎన్ని కోట్లు పోసి హక్కులు కొన్నా, పల్లెలో చిన్న డిష్ ఉన్న ఇంటికి భారత జట్టు వన్డే మ్యాచ్ వస్తోంది.

ఐర్లాండ్‌లోనూ అలాంటి జాబితా ఒకటుంది. హర్లింగ్, ఫుట్‌బాల్ ఆల్ ఐర్లాండ్ ఫైనళ్ళు రెండూ ఉచిత టీవీలోనే రావాలి. అంతవరకు భయం లేదు. కానీ ఆటంటే ఫైనల్ ఒక్కటేనా? పెళ్ళిభోజనం ఒక్కపూట పెడితే పిల్లవాడు పెరుగుతాడా? ఏప్రిల్ నుంచి వారం వారం చూసినవాడికే జులైలో ఫైనల్ ఫైనల్‌లా ఉంటుంది.

పక్కనే ఇంగ్లండ్‌లో ఏమైందో చూశాం కూడా. 2005లో యాషెస్ సిరీస్ ఛానల్ 4లో ఉచితంగా వచ్చింది, ఆ వేసవిలో దేశమంతా క్రికెట్టే మాట్లాడుకుంది. ఆ తర్వాత ఏడాది నుంచి సొంతగడ్డ మీద ఆడే మ్యాచ్‌లన్నీ ప్రత్యక్షంగా స్కైకే వెళ్ళిపోయాయి. బోర్డుకి డబ్బు వచ్చింది, మంచి మైదానాలు, శిక్షణ అన్నీ వచ్చాయి. కానీ ఆ చందా లేని ఇళ్ళల్లో పిల్లలు తమ దేశం టెస్టు ఆడుతుంటే చూడకుండానే పెద్దవాళ్ళయ్యారు. చివరికి 2019 ప్రపంచకప్ ఫైనల్‌కి ఇంగ్లండ్ చేరితే, ఈ ఒక్కటైనా అందరూ చూడాలని స్కై ఆ మ్యాచ్‌ను ఛానల్ 4తో పంచుకోవాల్సి వచ్చింది. పద్నాలుగేళ్ళు పట్టింది. హర్లింగ్‌కి అంత వ్యవధి లేదు, ఆడే కౌంటీలే తక్కువ.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2024 జులై 21న క్లేర్, కార్క్ హర్లింగ్ ఫైనల్‌ను బీబీసీ బ్రిటన్ అంతటా బీబీసీ టూలో చూపించింది. ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్ళి క్లేర్ ఒక్క పాయింటుతో గెలిచింది. లండన్‌లో ఉన్న మా తమ్ముడు ఆ సాయంత్రం ఫోన్ చేసి, "అన్నయ్యా, మీ ఊరి ఆట ఇదేనా? ఇన్నాళ్ళూ చెప్పవేం?" అన్నాడు. నేను పదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. చెబితే ఎక్కలేదు, ఊరికే టీవీ పెడితే ఎక్కింది.

మన సంగతికి వద్దాం. కార్క్‌లో, డబ్లిన్ చుట్టుపక్కల లూకన్, స్వోర్డ్స్ లాంటి చోట్ల మన పిల్లలు హర్లీలు పట్టుకుని శనివారం పొద్దున్నే మైదానానికి వెళ్తున్నారు. వేసవి సెలవుల్లో, జీఏఏ పిల్లలకు ఆట నేర్పే కూల్ క్యాంప్‌లకు పంపుతున్నాం. మా అమ్మాయి నాలుగేళ్ళుగా కమోగీ ఆడుతోంది. మొదట్లో నాకూ మా ఆవిడకీ టెన్షనే, ఆ కర్రలేంటి, దెబ్బలు తగలవా అని. ఇప్పుడు మోకాలికి దెబ్బ తగిలితే ఐస్ పెట్టి మళ్ళీ పంపిస్తున్నాం. ఈ దేశంలో పరాయివాళ్ళలా కాకుండా ఉండటానికి ఈ ఆటలు చేసినంత మేలు ఇంకేదీ చెయ్యలేదు. పాఠశాల గేటు దగ్గర ఇదివరకు నమస్కారం దగ్గరే ఆగిపోయే తల్లిదండ్రులు ఇప్పుడు ఆగి, నిన్నటి మ్యాచ్ చూశావా అని అడుగుతారు. చూశాను అంటే పది నిమిషాల మాట. చూడలేదు అంటే అక్కడితో సరి. శనివారం మ్యాచ్ విషయంలో కొత్తగా వచ్చిన మన కుటుంబాల్లో చాలామంది చెప్పే జవాబు రెండోదే.

పెద్దవాళ్ళ సంగతి ఇంకా బాధ. ఈ దేశంలో 70 దాటినవాళ్ళకు టీవీ లైసెన్సు ప్రభుత్వమే కడుతుంది. వాళ్ళకు టీవీ ఒక తోడు అని ప్రభుత్వానికే తెలుసు. యాంటెన్నాతో ఉచితంగా వచ్చే ఇక్కడి డిజిటల్ టీవీ పేరు సేర్‌వ్యూ. ఐరిష్‌లో సేర్ అంటే స్వేచ్ఛ అనీ చవక అనీ రెండర్థాలు. ఒకప్పుడు తన ఊరి జట్టుకి కర్ర పట్టి ఆడినవాడు, మైదానం గడ్డి కోసినవాడు, గేటు దగ్గర టికెట్లు చింపినవాడు ఇవాళ సేర్‌వ్యూ ముందు కూర్చుని ఉంటే, ఆయన చేతులతో పెంచిన ఆట ఆయనకు కనిపించట్లేదు. పక్కింటి తాతగారు కార్క్ హర్లింగ్ కప్ గెలవడం చివరిసారి చూసింది 2005లో. ఆ తర్వాత 2006, 2013, 2021, 2024, 2025 ఫైనళ్ళలో జట్టు ఓడిపోయింది. ఆ దారిలో జరిగిన ఒక్కో మ్యాచూ ఆయనకు ఎంత విలువైందో నేను దగ్గరుండి చూశాను.

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. ఇంటర్నెట్ సర్వీసు ఉండనివ్వండి, విదేశాల్లో ఉన్నవాళ్ళ కోసం, ఇంకే ఛానలూ చూపించని మ్యాచ్‌ల కోసం. కానీ సీజన్‌లో ప్రతి శనివారం సాయంత్రం ఒక్క మ్యాచ్ అయినా ఉచిత టీవీలో రావాలి. ఆర్‌టీఈ ఖాళీ లేదంటే ఐరిష్ భాషలో వచ్చే ఉచిత ఛానల్ టీజీ 4 ఉంది. లీగ్ మ్యాచ్‌లను, క్లబ్ మ్యాచ్‌లను ఆ ఛానల్ ఏళ్ళ తరబడి ఎంత బాగా చూపిస్తోందో చూసినవాళ్ళకు తెలుసు. కామెంటరీ ఐరిష్‌లో ఉన్నా మా అమ్మాయికి సగం అర్థమవుతుంది, మిగతా సగం బంతి చెబుతుంది. ఏ కౌంటీ మ్యాచ్‌లైనా ఒక సీజన్‌లో రెండుకు మించి డబ్బు గోడ వెనక పడకూడదు. కట్టి చూడాల్సిన మ్యాచ్‌లను మర్నాడైనా పూర్తిగా ఉచితంగా పెట్టాలి. వృద్ధాశ్రమాలకు చందా అడగనే కూడదు.

ఇవి పత్రికలో రాసి ఊరుకునే విషయాలు కావు. జీఏఏలో ఒక మంచి పద్ధతి ఉంది. ఏ క్లబ్బు సభ్యుడైనా తన క్లబ్బు వార్షిక సమావేశంలో తీర్మానం పెట్టవచ్చు. అక్కడ నెగ్గితే అది కౌంటీ సమావేశానికి, అక్కడా నెగ్గితే దేశమంతటి ప్రతినిధులు కూర్చునే కాంగ్రెస్‌కి వెళ్తుంది. పిల్లల్ని ఆడించడానికి సభ్యత్వం తీసుకున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఫీజు కట్టి జెర్సీ కొని ఊరుకుంటున్నాం, సమావేశాలకు వెళ్ళట్లేదు. ఈసారి వెళ్దాం.

మా క్లబ్బులో ఈ శీతాకాలం పెట్టడానికి తీర్మానం రాసి ఉంచాను. ప్రతిపాదించేది నేను. బలపరచడానికి ఇంకొకరి సంతకం కావాలి. కాయితం తీసుకుని పక్కింటికి వెళ్తే తాతగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు, ఒక చోట కామా దిద్దారు, సంతకం పెట్టారు. ఆ క్లబ్బులో ఆయన సభ్యత్వానికి అరవై ఏళ్ళు దాటాయి, నాది నాలుగేళ్ళు.